వేలిగుడ్డల డబ్బా

గత అక్టోబరు పద్నాలుగు, మంగళవారం, ఉదయం తొమ్మిదిన్నరకు మా కింది అంతస్తు పెద్దావిడ కొడుకు తలుపు తట్టి, మూత తుప్పుపట్టిన బిస్కెట్ల డబ్బా ఒకటి నా చేతిలో పెట్టాడు. తల్లి పోయి పది రోజులైంది. పిస్కాటవేలోని ఆ అపార్ట్‌మెంట్‌ను నెలాఖరుకు ఖాళీ చేయాలట. "పాత గుడ్డపేలికలు. కారు తుడుచుకోవడానికైనా పనికొస్తాయేమో," అన్నాడు.

ఆవిడది స్కాట్లాండు సముద్రతీరాన ఒక చిన్న ఊరు. శనివారాలు కిరాణాకు నా కార్లో తీసుకువెళ్ళేదాన్ని. దారి పొడవునా ఆ ఊరి పరిశ్రమల చరిత్ర వినిపించేవారు. మొదట ఉప్పు తయారీ. అక్కడి ఎండను నమ్ముకుంటే పప్పులోకైనా ఉప్పు రాదు కనుక, బొగ్గు మండించి సముద్రపు నీటిని మరిగించేవారట. తరువాత హెర్రింగ్ చేపల షెడ్లు: ముగ్గురేసి ఆడవాళ్ళ జట్టు, ఇద్దరు చేప కోసి పేగులు తీస్తే ఒకరు ఉప్పు చల్లి పీపాలో పేర్చడం. చేప రావడం మానేశాక వలల ఫ్యాక్టరీ, అదీ మూతపడ్డాక సెలవులకు వచ్చేవారి ఇళ్ళు. చిన్నప్పుడు తాను చేసిన ఆ చేపల పని, తాను పోతే, చేతులతో తెలిసినవారెవరూ మిగలరని ఆవిడ దిగులు. నేను సిగ్నల్ చూసుకుంటూ తల ఊపేదాన్ని.

ఒక శనివారం ఆ డబ్బా తెరిచి, కత్తికి వేలు తెగకుండా, ఉప్పుకు మండకుండా వేళ్ళకు గుడ్డ ఎలా చుట్టుకునేవారో చూపించబోయారు. కీళ్ళనొప్పులతో వేళ్ళు వంగలేదు. నేను అందుకుని ఆవిడ వేలికి చుట్టి, ముడి గోరు వైపుకు వేశాను. ఆవిడ నా చేయి పట్టుకున్నారు.

"ఇది చూసి నేర్చుకునే ముడి కాదు. మీ అమ్మ ఏం పని చేసేది?"

మా అమ్మ రొయ్యల షెడ్డులో ఇరవై ఏళ్ళు ఐసులో చేతులు పెట్టి రొయ్యల తలలు గిల్లింది. ఎడమచేతి వేళ్ళకు గుడ్డలు తానే కట్టుకుని, కుడిచేయి నా ముందుకు చాపేది. "ముడి గోరుమీదకి రావాలే, కలెక్టరమ్మా. లోపలుంటే పట్టు జారిపోద్ది," అనేది. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. కాలేజీ దరఖాస్తు నుంచి వీసా కాగితాల దాకా, తల్లి వృత్తి అడిగినచోటల్లా గృహిణి అనే రాశాను.

"హౌస్‌వైఫ్," అన్నాను.

ఆవిడ నా చేయి వదిలి, నెమ్మదిగా కట్టు విప్పుకుని, డబ్బాకు మూత పెట్టారు. ఆ తరువాతి శనివారాలు వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. ఆ ఊరి పేరు కూడా ఆవిడ మళ్ళీ ఎత్తలేదు.

డబ్బా నా దగ్గరే ఉంది. ఎడమచేతికి నేనే కట్టుకోగలను. కుడిచేతికి ఇంకో మనిషి ఉండాలి. డబ్బా నా చేతికొచ్చాక మారినది ఒక్కటే: ఎవరైనా అడిగితే, మా అమ్మ రొయ్యల షెడ్డులో పనిచేసేదని ఇప్పుడు చెబుతున్నాను. ఆ మాట వినవలసిన ఇద్దరూ, మా అమ్మా, ఆవిడా, ఇప్పుడు లేరు.