డ్రాగన్ కోసం మిషిగన్ దాకా

మా స్టాంపుల వాట్సాప్ గ్రూపులో అందరం తెలుగువాళ్ళమే, అమెరికాలో తలో మూలా ఉంటాం. ఎవరైనా గుడ్‌మార్నింగ్ పెడితే చాలు, నిమిషంలో పది పువ్వుల బొమ్మలు వచ్చి పడతాయి. అలాంటి గ్రూపులో ఒక బుధవారం మధ్యాహ్నం మిషిగన్‌లో డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి లావణ్య ఒక మెసేజ్ పెట్టింది. "మా పక్కింట్లో మార్గరెట్ అని పెద్దావిడ ఇల్లు ఖాళీ చేసి చిన్న అపార్ట్‌మెంట్‌కి మూవ్ అవుతున్నారు. వేల్స్ నుంచి వాళ్ళ చెల్లెలు రాసిన ఉత్తరాల కవర్లు ఒక బాక్స్ నిండా ఉన్నాయి, వచ్చే వారం పారేస్తారట. ఎవరికైనా కావాలా?" సాయంత్రం దాకా ఒక్కరూ పలకలేదు. ఒక్క పువ్వు కూడా రాలేదు. అంటే అందరూ టికెట్లు వెతుకుతున్నారని అర్థమైంది, ఎందుకంటే నేను చేస్తున్నదీ అదే.

ఈ పిచ్చి లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. బ్రిటన్‌లో మామూలు స్టాంపు మీద రాణి తలో రాజు తలో ఉంటుంది. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లకు వాటితో పాటు తమ సొంత రోజువారీ స్టాంపులు కూడా ఉన్నాయి. వేల్స్ వాళ్ళ వాటిలో ఒకదాని మీద డ్రాగన్ ఉంటుంది. కొత్తవి కొనుక్కోవడం పెద్ద విద్యేమీ కాదు. మాకు కావలసింది వాడినవి, కవరు మీద అంటించినవి, మామూలు మనిషి మామూలు పని మీద పంపినవి. అందుకే మాలో ఒక నియమం ఉంది: స్టాంపు కోసం రాయించుకున్న ఉత్తరం చెల్లదు. అమెరికా చేరిన కవర్లలో స్కాట్లండ్ సింహం నా దగ్గర ఉంది, ఉత్తర ఐర్లండ్‌దీ ఉంది. వేల్స్ పేజీ మాత్రం ఏళ్ళ తరబడి ఖాళీ. వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో మా పిన్ని కూతురే ఉంది. కానీ అడిగితే చెల్లదు కదా, నోరు మూసుకుని ఉన్నాను.

డెట్రాయిట్‌కి డైరెక్ట్ ఫ్లైట్ ధర చూసి మా ఆయన "ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపితే వేల్సే వెళ్ళి రావచ్చు" అన్నాడు. అందుకని చికాగో దాకా విమానం, అక్కడి నుంచి రైలు బుక్ చేశాను. శుక్రవారం డెంటిస్ట్ దగ్గరికని చెప్పి డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉన్న మా ఆఫీసులోంచి మూడింటికే బయటపడ్డాను. రాత్రి చికాగో ఎయిర్‌పోర్ట్ దగ్గర హోటల్లో పడుకుని, పొద్దున్నే లోకల్ రైల్లో యూనియన్ స్టేషన్ చేరాను. మిషిగన్ రైలు ఏడు దాటాక బయల్దేరింది. ఎవరైనా వెళితే ఎడమవైపు కిటికీ పట్టుకోండి, కాసేపైనా సరస్సు కనిపిస్తుంది.

నేను ఎడమవైపు కిటికీ కోసం వెతుకుతుంటే అక్కడ శాంటా క్లారా రామ్మోహన్ గారు కూర్చుని ఉన్నారు. గ్రూపులో అందరికంటే పెద్దాయన, అందరికంటే తొండి మనిషి. నన్ను చూసి ఆయన ముఖంలో రంగు మారింది. నా ముఖం నాకు కనపడలేదు కాబట్టి సరిపోయింది.

"ఏవమ్మా సుజాతా, ఇటెక్కడికి?" అన్నారు.

"ఫ్రెండ్ సీమంతం ఉందండీ. మీరో?"

"మా మేనల్లుడి గృహప్రవేశం."

గృహప్రవేశానికి వెళ్ళే మనిషి ఒళ్ళో గట్టి అట్టల ఫోల్డరు, జేబులో భూతద్దం. సీమంతానికి వెళ్ళే నా బ్యాగులోంచి ప్లాస్టిక్ కవర్ల కట్ట తొంగి చూస్తోంది. ఇద్దరం చూసీ చూడనట్టు ఊరుకున్నాం. కలమజూ దాటాక నేను పులిహోర డబ్బా తీశాను, ఆయన కారప్పూస పొట్లం విప్పారు. ఎదురు సీట్లో స్వెటర్ అల్లుకుంటున్న ఒక అమెరికన్ పెద్దావిడ "మీరు తండ్రీకూతుళ్ళా?" అని అడిగింది. "ఇంతవరకూ కాదండీ" అన్నారు రామ్మోహన్ గారు.

రాయల్ ఓక్‌లో దిగేసరికి ఒంటిగంట కావస్తోంది. మిషిగన్ టైముకి వాచీ గంట ముందుకు తిప్పుకుంటే రెండు. ఇద్దరం ఎడమొహం పెడమొహంగా నిలబడి చెరో క్యాబ్ బుక్ చేయబోయాం. నా ఫోన్లో అడ్రస్ ఆయనకి కనపడింది. ఆయనది నాకు ముందే కనపడింది.

"సీమంతం మా మేనల్లుడింట్లోనేనా?" అన్నారాయన. ఒక క్యాబ్ మానేసి సగం సగం వేసుకున్నాం.

తలుపు తీసిన లావణ్య మా ఇద్దరినీ చూసి నవ్వాపుకోలేకపోయింది. "నిన్న న్యూజెర్సీ నుంచి ఒకాయన కాల్ చేశాడు, ఇటు ఆఫీస్ పని మీద వస్తున్నాడట" అంది. ఇక ఆలస్యం చేయకుండా పక్కింటికి తీసుకెళ్ళింది. మార్గరెట్ సన్నగా, చురుగ్గా ఉంది. ఎండుద్రాక్ష వేసి పెనం మీద కాల్చిన మెత్తటి బిల్లలు, టీ పెట్టి, బూట్ల డబ్బా ముందుకు తోసింది. "ఉత్తరాలు నేనే ఉంచుకున్నాను. కవర్లు మీ ఇష్టం" అంది.

చెరో పక్కనుంచీ మొదలుపెట్టాం. సగం కవర్ల మీద పోస్టాఫీసులో ప్రింటు కొట్టి అంటించిన లేబుళ్ళు. మిగతా వాటి మీద రాణి, రాణి, రాణి, అక్కడక్కడ రాజు. అడుగుకి చేరేసరికి నాకు నీరసం వచ్చింది. అప్పుడు కనిపించింది, ఒకే ఒక్క డ్రాగన్. ముద్ర సరిగా పడలేదని ఎవరో పోస్ట్‌మాన్ బాల్‌పెన్నుతో దాని మీద అడ్డంగా గీత కూడా గీశాడు. ఇంతకంటే మామూలు ఉత్తరం ప్రపంచంలో ఉండదు. మా ఇద్దరి చేతులూ ఒకేసారి లేచాయి. ఆయన చెయ్యి ముందు పడింది. మాలో ముందు చెయ్యి పడినవాళ్ళదే వస్తువు, దాని మీద వాదన ఉండదు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. టీ తాగుతున్నట్టు కప్పు అడ్డం పెట్టుకున్నాను.

అంతలో ఫోన్ మోగింది. శనివారం ఆ వేళకి వేల్స్ నుంచి చెల్లెలు గ్వెన్ చేస్తుందట. మార్గరెట్ స్పీకర్ పెట్టి, "నీ కవర్ల కోసం ఇద్దరు ఇండియన్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు" అని సంబరంగా చెప్పింది.

"నా కవర్లు పరాయివాళ్ళకి పంచుతున్నావా? ఎవరు వాళ్ళు?"

రామ్మోహన్ గారు డ్రాగన్‌ని ఫోల్డర్లోకి జార్చి సోఫాలో ముడుచుకుపోయారు. నాకే నోరు ఆగలేదు. "ఉత్తరాలు మేం చదవలేదండీ, కవర్లే" అన్నాను.

"వాటి మీద చేతిరాత నాది. చచ్చినవాళ్ళ ఇంట్లో సామాన్లలా ఏరుకుంటున్నారు, సిగ్గుండాలి. ఈ ఫోన్ మా అక్కతో మాట్లాడుకోవడానికి. నీకు చెప్పాల్సింది చాలా ఉంది, రాసి పంపిస్తాను. అడ్రస్ చెప్పు."

మా ఇంటి అడ్రస్ చెప్పాను. ఒక్కొక్క అక్షరం విడివిడిగా, జిప్‌కోడ్ రెండుసార్లు. నా గొంతులో సంతోషం వినపడకూడదని ఎంత తంటాలు పడ్డానో దేవుడికే తెలుసు. అప్పుడు రామ్మోహన్ గారికి విషయం వెలిగింది. లేచి ఫోన్ వైపు వంగి, "మేడమ్, వీలైతే డ్రా..." అన్నారు. ఆ మాట పూర్తయితే నా ఉత్తరం స్టాంపు కోసం రాయించుకున్నదైపోతుంది, చెల్లదు. ప్లేటులో ఉన్న పెద్ద బిల్ల తీసి ఆయన నోట్లో పెట్టేశాను. ఆయన దగ్గుతుండగానే గ్వెన్ ఫోన్ పెట్టేసింది.

"కోపంలో ఏ స్టాంపు అంటిస్తుందో చెప్పలేం" అంది మార్గరెట్. అప్పటికి ఆవిడకీ ఆట అర్థమైంది.

ఆ రాత్రి లావణ్య ఇంట్లో పప్పుచారు తిని, ఆదివారం పొద్దున మళ్ళీ అదే రైలెక్కాం. ఈసారి పక్కపక్క సీట్లు. రామ్మోహన్ గారు డ్రాగన్ తీసి చూసుకున్నారు, లోపల పెట్టారు, మళ్ళీ తీశారు. బ్యాటిల్ క్రీక్ దాటాక నెమ్మదిగా అన్నారు.

"సుజాతా, ఇది నువ్వు తీసేసుకో. ఆవిడ ఉత్తరం వస్తే అది నాకిచ్చెయ్యి."

"దాని మీద రాజు తలే ఉండొచ్చు కదండీ?"

"ఉండనీ. నాకు చేత్తో రాసిన ఉత్తరం వచ్చి ఎన్నేళ్ళయిందో. తిట్టడానికైనా ఎవరూ రాయట్లేదమ్మా."

ఆరేడు అంగుళాల దూరంలో డ్రాగన్, బాల్‌పెన్ను గీతతో సహా. దాని కోసమే డెంటిస్ట్ అబద్ధం ఆడాను, రెండు రాత్రులు పరాయి మంచాల మీద పడుకున్నాను. చెయ్యి చాస్తే నాది. ఇన్నేళ్ళూ నా ఆల్బమ్ నిండా ఎవరెవరి పేర్లో ఉన్నాయి. నా పేరున్న కవరు ఒక్కటీ లేదు.

"కుదరదండీ" అన్నాను. ఆయనేమీ నొచ్చుకోలేదు, మిగిలిన కారప్పూస నాకే ఇచ్చారు.

చికాగోలో ఆయన దారిన ఆయన వెళ్ళారు. నేను డాలస్‌లో దిగేసరికి ఎనిమిది దాటింది. వేడిగాలి మొహానికి కొడుతోంది. బయట కారులో మా ఆయన ఉన్నాడు. "డ్రాగన్ దొరికిందా?" అన్నాడు.

"లేదు. తిట్లు దొరికాయి" అన్నాను. "ఇంకా దారిలో ఉన్నాయి. రేపటి నుంచి పోస్ట్‌బాక్స్ తాళం నా దగ్గరే ఉంటుంది."