ఆదివారం కదలని గీతలు

ఆయన్ని అక్కడ అందరూ దువ్వెన బాబాయి అంటారు. తలమీద నాలుగు వెంట్రుకలు లేని మనిషికి ఆ పేరేమిటని కొత్తవాళ్లు నవ్వితే ఆయనా నవ్వుతాడు. ఆయన చూసుకునే దువ్వెన లేజరు వెలుగుది. పళ్లలా సమాన దూరంలో వేల గీతలు. ఏ గీత ఎక్కడుండాలో ముందే తెలుసు. నక్షత్రం వెలుగును రంగులుగా విడదీసే యంత్రంలో ఈ గీతల్ని పక్కన పెట్టి చూస్తే, చుట్టూ తిరిగే గ్రహం లాగి ఆ నక్షత్రం కాస్త ఊగినా దొరికిపోతుంది.

కొండమీది ఆ భవనంలో రాత్రంతా నక్షత్రాలను చూసే శాస్త్రజ్ఞులు పగలు పడుకుంటారు. మేలుకుని ఉండేది ఆయనొక్కడే. భార్య పోయి నాలుగేళ్లు. ఇంట్లో ఒక కంచం, ఒక గ్లాసు. పొద్దున బస్సు దిగుతూ డ్రైవరుకు “వస్తా నాయనా” అని చెప్పడమే చాలా రోజులు ఆయన మాట్లాడే మొదటి మాట. ఆయన కనపడకపోతే ఆ డ్రైవరు మలుపులో రెండు నిమిషాలు బండి ఆపుతాడు. అలాంటివాళ్లను దేవుడు చల్లగా చూడాలి.

యంత్రం గదికి ముందు చిన్న గది ఒకటి ఉంది. మనిషి ఒంటి వేడికి యంత్రం కదులుతుందని, ఎవరూ రాకూడదని తలుపుమీద కాగితం అంటించింది ఆయనే. అయినా భార్య పోయాక తాను మాత్రం అక్కడే గోడకానుకుని అన్నం తినేవాడు. గోడ వెనక యంత్రాన్ని చల్లబరిచే పంపు సన్నగా మోగుతుంటే, పక్కగదిలో ఆమె కుట్టుమిషను తొక్కుతున్నట్టే ఉండేది. ఒక్కడి వేడి ఏపాటిది అనుకున్నాడు. యంత్రాన్ని పాత దీపంతో సరిచూసిన రోజుల్లో అంత చిన్న కదలిక కనపడేదీ కాదు. కిందటేడు దువ్వెన వచ్చింది.

ఒకరోజు, మూడేళ్లుగా ఒకే నక్షత్రాన్ని చూస్తున్న అమ్మాయి మధ్యాహ్నమే లేచి ఆయన బల్ల దగ్గరికొచ్చింది. ఎవరూ చూడని పగటి కొలతలు తిరగేస్తే, రోజూ ఒంటిగంట దాటాక గీతలు జరుగుతున్నాయట. దువ్వెన పాడైందని, మర్నాడే పెట్టెలో పెట్టి బాగుచేయడానికి పంపమని శాస్త్రజ్ఞుల పెద్దాయన అన్నాడట. అది తిరిగొచ్చేసరికి ఆమె నక్షత్రం సూర్యుడి వెనక్కి పోతుంది. దాని చుట్టూ గ్రహం ఉందో లేదో తేల్చడానికి ఆమెకు ఈ నెలే ఆఖరు.

కాగితం పరిచింది. ఏడు రోజుల్లో అవి ఎంత జరిగాయో చూపే గీత. ఆరు బుడిపెలు, ఒక చదును.

“చూడండి బాబాయ్, ఆదివారం మాత్రం సెలవు తీసుకుంటోంది మీ దువ్వెన.”

ఆదివారం సెలవు ఎవరిదో ఆయనకు తెలుసు. నోరు మూసుకుని రేపటినుంచి బయట తింటే బుడిపె దానంతటదే పోతుంది. కానీ ఈలోపు దువ్వెన పెట్టెకెక్కుతుంది.

“అది దువ్వెన తప్పు కాదమ్మా. నేనే. అక్కడ కూర్చుని అన్నం తింటాను.”

ఎందుకని అడిగింది. పంపు సంగతీ కుట్టుమిషను సంగతీ చెప్పాడు. కోప్పడుతుందనుకున్నాడు. ఆమె ఒక బుడిపెను వేలితో ముట్టుకుని, “ఇది మీరా బాబాయ్?” అంది.

పెద్దాయన నాలుగు మాటలన్నాడు; బాబాయి తలవంచుకుని పడ్డాడు. దువ్వెన ఉన్నచోటే ఉంది. ఆ చిన్నగది తాళంచెవి ఇప్పుడు అమ్మాయి దగ్గరుంది. నక్షత్రం సంగతి ఇంకా తేలలేదు, గీతలు మాత్రం చదునుగా వస్తున్నాయి.

ఆయన ఇప్పుడు భవనం వెనక మెట్లమీద తింటున్నాడు. పంపు చప్పుడును ఫోనులో పట్టి ఆ అమ్మాయే ఇచ్చింది. రోజూ ఫోనును అన్నం డబ్బా పక్కన పెట్టుకుని వింటాడు. చప్పుడు అదే. గోడనుంచి వీపుకు తగిలే ఆ సన్నని వణుకు మాత్రం లేదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.