తాతయ్య తెచ్చిన సపోటా అంటు

తాడేపల్లిగూడెంలో మా డాబా మీద కుండీలకు నీళ్ళు పోసినప్పుడల్లా, ఎండిన మట్టి మొదటి గుక్క తాగుతూ వదిలే ఆ వెచ్చటి వాసన నన్ను ఎత్తుకెళ్ళి కలిదిండిలో నానమ్మ పెరట్లో దింపేస్తుంది. చుట్టూ చేపల చెరువులు, మధ్యలో పెంకుటిల్లు. వేసవి పొద్దుటిపూట చెరువుల మీంచి వచ్చే నీచుగాలిలో పక్కింటి ఆవకాయ ఘాటు, చర్చి గంట, గట్టు మీద కొంగల రెక్కల చప్పుడు కలిసిపోయి, సగం నిద్రలో ఏది వాసనో ఏది చప్పుడో తెలిసేది కాదు.

నా చిన్నప్పటి ఒక వేసవికి తాతయ్య లేరు. పోయేముందు కడియం నర్సరీల నుంచి ఓ సపోటా అంటు తెచ్చి, వానలు పడ్డాక నేలలో పెడదామని కుండీలో ఉంచారు. నానమ్మ దాన్ని వదిలేది కాదు. తెల్లారగానే చెంబుతో నీళ్ళు, అన్నానికి ముందు నీళ్ళు, సాయంత్రం ప్రార్థనయ్యాక మళ్ళీ నీళ్ళు. తను మాత్రం రెండు ముద్దలు తిని కంచం పక్కన పెట్టేసేది. పోసేకొద్దీ ఆకులు పసుపెక్కి రాలుతుంటే, దాహమేస్తోంది కాబోలని ఇంకాస్త పోసేది. వద్దని చెప్పే ధైర్యం నాన్నకి కూడా లేకపోయింది.

ఒకరోజు అమ్మే వెళ్ళి, నానమ్మ చేతిలోని చెంబు మీద చెయ్యి వేసింది.

"ఇంక పొయ్యకండి అత్తయ్యగారూ. వేళ్ళకి ఊపిరాడద్దాండీ?"

నానమ్మ చెంబు వదల్లేదు. "ఇదీ పోద్దేమోనని భయం అమ్మాయ్" అంది.

ఇద్దరూ కలిసి కుండీ వంచి మొక్కను బయటికి తీశారు. కుండీ అడుగున చిల్లు బంకమట్టితో పూడుకుపోయి ఉంది. వేళ్ళు నల్లబడి మురుగు వాసన వేస్తున్నాయి. కుళ్ళినవాటిని అమ్మ కత్తిరించింది, నానమ్మ ఇసుక కలిపిన మట్టి నింపింది. ఇక రోజూ మట్టిలోకి వేలు గుచ్చి చూసేది. తడి తగిలితే చెంబు పక్కన పెట్టేసేది, పొడిగా ఉంటే అడుగునుంచి కారేదాకా నెమ్మదిగా పోసేది. పోయకుండా ఉండటమే ఆమెకు కష్టమైంది. ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని మొక్క పక్కనే కూర్చుని, తాతయ్య కబుర్లు నాకు చెప్పడం మొదలుపెట్టింది. అమ్మ కంచం అక్కడికే తెచ్చేది. కబుర్ల మధ్య అన్నం ఎప్పుడైపోయిందో ఎవరికీ తెలిసేది కాదు.

తొలకరికి కొమ్మ చివర లేత చిగురు విచ్చుకుంది. నానమ్మే దాన్ని నేలలో పెట్టింది. ఆ చెట్టు కాయలు ఎన్ని వేసవులు తిన్నామో!

నానమ్మ పోయాక ఇల్లూ పెరడూ అమ్మేశారు. మొన్న కైకలూరులో పెళ్ళికి వెళ్ళినప్పుడు, మా అమ్మాయికి ఆ చోటు చూపిద్దామని కలిదిండి దాకా వెళ్ళాం. గట్టు మీద నిలబడ్డాం. కొత్తగా తవ్విన చెరువులో, చేపలకి ఊపిరందించే ఏరేటర్లు నురగలు కక్కుతూ తిరుగుతున్నాయి.

"ఇల్లేదమ్మా?" అని అడిగింది పిల్ల.

నీళ్ళ నడిమికి చూపించాను.