గెడ్డను గడ్డ అన్న మ్యాపు

అది 2022. మా చోడవరం విశాఖపట్నం జిల్లాలోంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి మారిన ఏడాది. జిల్లా హద్దు మారితే జనానికి తిరగాల్సిన ఆఫీసు మారుతుంది. నాలాంటి వాళ్ళకు మాత్రం గీసిన మ్యాపులన్నీ మళ్ళీ మొదటికి వస్తాయి. నేను జిఐఎస్ అనలిస్టుని. ఎక్కడ పంట ఉంది, ఎక్కడ నీరు ఉంది, ఎక్కడ ఇళ్ళు ఉన్నాయి అనే సమాచారాన్ని కంప్యూటరులో పొరలు పొరలుగా పరిచి, ఏ నేల దేనికి పనికొస్తుందో తేల్చడం నా పని. ఒక్కో పొరను లేయర్ అంటాం. ఆ ఏడాది ఒక ప్రైవేటు కన్సల్టెన్సీ మా చుట్టుపక్కల మండలాలకు భూ వినియోగ ప్రణాళిక తయారు చేస్తూ చోడవరంలో ఒక మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుంది. టీంలో ఈ ప్రాంతం మనిషిని నేనొక్కదాన్నే. నా మాట ఎవరూ వినకపోవడానికి అదే కారణమైంది.

ఈ పనిలో మొదటి మెట్టు ల్యాండ్ యూజ్ క్లాసిఫికేషన్. శాటిలైట్ ఇమేజ్‌లో కనిపించే ప్రతి ముక్కకూ ఒక తరగతి, ఒక రంగు ఇస్తాం. వరికి ఒక రంగు, చెరకుకు ఒకటి, ఇళ్ళకు ఒకటి. మబ్బులు అడ్డం రాకూడదని ఎండాకాలం ఇమేజ్‌లే ఎక్కువగా వాడతారు. బుచ్చయ్యపేట వెళ్ళే వైపు ఒక ఊరి పక్కన పొడవాటి నేల ముక్క ఒకటి మాకు తగిలింది. ఏప్రిల్ ఇమేజ్‌లో అక్కడ ఇసుక, తుమ్మ పొదలు తప్ప ఇంకేమీ లేవు. కంప్యూటరు దానికి ఖాళీ బంజరు రంగు వేసింది. ఎత్తుపల్లాలు చెప్పే లేయర్‌ను డిఇఎం అంటాం. మా దగ్గరున్న దానిలో ఒక్కో గడి ముప్పై మీటర్ల వెడల్పు. అంతకంటే సన్నటి పల్లాలు ఆ గడిలో కలిసిపోయి, నేలంతా చదునుగా కనిపిస్తుంది. ఈ ముక్కా అలాగే కనిపించింది.

మిగిలింది పేరు. పాత గ్రామ పటంలో ఆ ముక్క మీద తెలుగులో స్పష్టంగా ‘నక్కల గెడ్డ’ అని ఉంది. ఇంకెక్కడో కూర్చుని దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించినవాళ్ళు ‘ఈ’ (e) అక్షరం బదులు ‘ఏ’ (a) అక్షరం కొట్టారు. గెడ్డ కాస్తా గడ్డ అయింది. మా ఉత్తరాంధ్రలో గెడ్డ అంటే కొండల మీంచి దిగే వాగు. ఏడాదిలో చాలా నెలలు ఎండిపోయి ఉంటుంది, వచ్చినప్పుడు మాత్రం వస్తుంది. గడ్డ అంటే గట్టి నేల. ఒక్క అక్షరంతో వాగు మెరక అయిపోయింది.

తప్పు చూసిన రోజునే టీం లీడర్ చంద్రశేఖర్ గారికి చెప్పాను. ఆయన మా వైపు మనిషి కాదు.

"గెడ్డ ఏమిటి భారతి గారూ? గడ్డ అనే కదా అనాలి? మీ శ్రీకాకుళం యాసలో ఎలా అంటారో మనకు అనవసరం" అన్నారు నవ్వుతూ.

"నాది శ్రీకాకుళం కాదు సార్, చోడవరం. గెడ్డ అంటే వాగు."

"అయితే ఆ వాగులో నీళ్ళేవి? ఇమేజ్‌లో చూపించండి."

మిగతావాళ్ళు కూడా నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆయనకు మెయిల్ రాస్తే ‘నోటెడ్’ అని ఒక్క మాట వచ్చింది. మళ్ళీ రాశాను, అదీ రాలేదు. ఆ తర్వాత నాకు ‘కంప్లైంట్ బాక్స్’ అని పేరు పెట్టారు. పై అధికారులు వచ్చిన రోజు ఆ గెడ్డ మాట ఎత్తుతానేమోనని నన్ను టీ పురమాయించడానికి కిందకు పంపేశారు. నేను తిరిగి వచ్చేసరికి ఆ మ్యాపు ఆమోదం పొంది, గోడ మీద ఉంది. నక్కల గెడ్డ మీద ‘నివాసాలకు అనుకూలం’ అన్న రంగు ఉంది.

ఆ రంగు చూసి ఊళ్ళో ఇల్లు లేనివాళ్ళకు అక్కడ పట్టాలిచ్చారు. మిగతావాళ్ళు ఇంకా పునాదులు కూడా తీయకముందే ఇల్లు లేపింది పైడమ్మ ఒక్కతే. రోలుగుంట వైపు నుంచి చెరకు నరుకుళ్ళకు వచ్చి ఈ ఊళ్ళోనే స్థిరపడిన మనిషి. మొగుడు లేడు, కూతురు లక్ష్మి ఉంది. ఇల్లంటే సిమెంటు ఇటుకల గోడలు, పైన రేకులు. మ్యాపు మీద గీసింది నేల మీద సరిగ్గా ఉందో లేదో వెళ్ళి చూసుకోవడాన్ని మా పనిలో గ్రౌండ్ ట్రూతింగ్ అంటారు. నన్ను ఆ ఊరికి పంపమని అడిగితే బండి లేదన్నారు. సెలవు రోజుల్లో ఆటోలో నేనే వెళ్ళాను. చేతిలో పట్టే మంచి జిపిఎస్‌తో గెడ్డ గట్టు ఎత్తు, గెడ్డ అడుగుభాగం ఎత్తు కొలిచాను. ఆ కొలతలు డిఇఎంలో కలిపి, పైనుంచి వచ్చే నీరు ఏ గడిలోంచి ఏ గడిలోకి చేరుతుందో లెక్క వేశాను. దీన్ని ఫ్లో అక్యుములేషన్ అంటారు. ఎక్కువ నీరు చేరే దారి ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎర్ర గీత కొండ దగ్గర నూలుపోగులా మొదలై, వస్తూ వస్తూ లావెక్కి, పైడమ్మ ఇంటి మీదుగా పోయింది.

ఆ గీత చూసినప్పటి నుంచి నాకు భయం పట్టుకుంది. కూర వండుతున్నా, బట్టలు ఉతుకుతున్నా అదే కనిపించేది. ఆకాశంలో చిన్న మబ్బు వచ్చినా వర్షపాతం లేయర్ తెరిచి చూసేదాన్ని. ఆ గీత పట్టుకెళ్ళి పట్టాలిచ్చిన ఆఫీసులో చూపిస్తే, "ఆమోదం పొందిన మ్యాపు ఉండగా మీ సొంత మ్యాపు ఎందుకమ్మా?" అని పంపేశారు. వేరే చోటు ఏదీ చూపించలేక పైడమ్మకు ఆ గీత సంగతి చెప్పలేకపోయాను.

అక్టోబరులో వాన పట్టింది. చోడవరంలో ఆ మధ్యాహ్నం తెరిపిచ్చి ఎండ కూడా వచ్చింది. కానీ తెర మీద వర్షపాతం లేయర్ చూస్తే పశ్చిమాన కొండల మీద రంగు అంతకంతకూ ముదురుతోంది. అక్కడ పడింది ఇక్కడికి రాకుండా ఎక్కడికి పోతుంది? చంద్రశేఖర్ గారికి ఫోన్ చేశాను.

"బయట ఎండ కాస్తోంది చూశారా? రేపు మీటింగులో మాట్లాడదాం" అని పెట్టేశారు.

ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. దారిపొడవునా ఎండ. ఎండ చూస్తున్నకొద్దీ భయం పెరిగింది, ఎవరూ నా మాట నమ్మరని. నక్కల గెడ్డలో చుక్క నీరు లేదు, తడిసిన ఇసుక ఉంది. పైడమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. తీగ మీద చిన్న చిన్న బట్టలు ఆరేసి ఉన్నాయి. లక్ష్మి పురుడు పోసుకుని అక్కడే ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"రామ్మా, మ్యాపులమ్మా! ఇయ్యాల కూడా కొలతలేటి?" అంది పైడమ్మ నవ్వుతూ.

"కొలతలు కాదు పైడమ్మా. నీళ్ళొస్తాయి. బేగి బయలుదేరండి."

"నీళ్ళా? ఎండ పేలిపోతంది కదమ్మా."

"కొండ మీద పడుతోంది."

"పడనీ. పచ్చి బాలింతని ఈ గాలిలో ఏటికి లేపమంటావు? ఇంకా పురుడు తేలనేదు. మైలతో ఉన్నోళ్ళని ఎవులు గుమ్మం ఎక్కనిస్తారు సెప్పు?"

నా లేయర్లలో ఇళ్ళున్నాయి, రోడ్లున్నాయి, బడి ఉంది. పురుడు తేలని ఇంటివాళ్ళను ఊళ్ళో ఎవరూ లోపలికి రానివ్వరన్నది ఏ లేయర్‌లోనూ లేదు. చుట్టూ చూశాను. రోడ్డు పక్క మెరక మీద చెరకు తూచే కాటా షెడ్డు ఉంది. సీజను కాదు కనుక ఖాళీ. అది ఎవరి గుమ్మమూ కాదు.

"కాటా షెడ్డుకి పోదాం" అన్నాను. ఆమె కదల్లేదు. ఫోనులో ఎర్ర గీత చూపించాను.

"ఇదేటి?"

"నీళ్ళు నడిచే దారి."

"మరి మా ఇల్లేది?"

"గీత మీదే ఉంది."

పైడమ్మ ఫోనును పక్కకు నెట్టింది. అప్పుడు మొదటిసారి ఆమె గొంతులో కోపం విన్నాను. "కంప్యూటర్లో సూసే కదమ్మా ఇక్కడ ఇల్లు కట్టుకోమన్నారు? అదీ మ్యాపే, ఇదీ మ్యాపేనా? ఏ మ్యాపు నమ్మమంటావు నన్ను?"

ఫోను కింద పెట్టేశాను. "మ్యాపులు ఒగ్గేయి. ఈ చోటుని మీ ఊరోళ్ళు ఏటంటారు?"

"నక్కల గెడ్డంటారు."

"గెడ్డంటే ఏటి?"

ఆమె నోరు తెరిచి, చెప్పకుండా ఆగిపోయింది. చేటలో బియ్యం వైపు చూసింది, ఇసుక వైపు చూసింది. "నాకు తెల్దనుకున్నావా?" అంది మెల్లిగా. "పట్టా ఇచ్చినప్పుడే అనుకున్నాను. పైనుంచి సూసినోళ్ళకి తెల్దా, ఇంక నీళ్ళు రావని తేల్చీసే ఇచ్చుంటారు అనీసి ఊరుకున్నాను." అంతలోనే చేట పక్కన పెట్టి లేచింది. "లచ్చీ, లేగు. పసిగుంటని నాకివ్వు. బేగి రా."

ఆటోలో లక్ష్మిని పడుకోబెట్టి, చెవులకు తువ్వాలు చుట్టి షెడ్డుకు చేర్చాం. పైడమ్మ పసిపిల్లను గుండెకు హత్తుకుని కూర్చుంది. చాలాసేపు ఏమీ జరగలేదు. ఆటో అతను బీడీ వెలిగించి, "ఏటి మేడం, ఉట్టినే బాలింతని కదిపీసేరు" అన్నాడు. నీళ్ళు రాకపోతే పిల్లకు జలుబు చేసిన పాపం నాది. వస్తే ఆమె ఇల్లు పోతుంది. ఏది జరగాలని కోరుకోవాలో తెలియక షెడ్డు స్తంభం పట్టుకుని నిలబడ్డాను.

చప్పుడు కంటే ముందు వాసన వచ్చింది. పచ్చి బురద వాసన. తర్వాత గెడ్డ వంపులోంచి నురగ కనిపించింది, దాని మీద ఎండిన చెరకు ఆకు, తుమ్మ కొమ్మలు. మొదట మోకాలి లోతే అనిపించింది. చూస్తుండగానే వెనక నుంచి ఎర్రటి నీరు తోసుకుంటూ వచ్చి పైడమ్మ ఇంటి గుమ్మం దాటింది. ఆటో అతను బీడీ పారేసి ఆటోను ఇంకా మెరకకు తోశాడు. ఎగువ వైపు గోడ వంగి లోపలికి కూలింది.

"గుంట బట్టలు తీగ మీదే ఒగ్గీసి వచ్చీసేనమ్మా" అంది పైడమ్మ. ఆ చిన్న బట్టలు నీటికి పైన కాసేపు ఎగిరాయి. తర్వాత తీగ కూడా కనిపించలేదు.

మర్నాడు మీటింగులో చంద్రశేఖర్ గారు, "ఊహించని వర్షం" అన్నారు. ఊహించి రాసిన నా మెయిళ్ళు అందరి ముందూ చదివాను. ఈసారి ఎవరూ నవ్వలేదు, ఎవరూ తప్పు ఒప్పుకోనూ లేదు. ఆ ముక్క రంగు తర్వాత మార్చారు. ఎందుకు మార్చారో ఎక్కడా రాయలేదు. పైడమ్మకు వేరే స్థలం కోసం నేను పెట్టిన అర్జీలకు ఇప్పటికీ ‘పరిశీలనలో ఉంది’ అనే జవాబే వస్తోంది. నేనూ పెట్టడం మానలేదు.

ఈ వృత్తిలోకి రావాలనుకునే పిల్లలు నన్ను సాఫ్ట్‌వేర్ గురించి అడుగుతుంటారు. అది ఎవరైనా నేర్పుతారు. నేను చెప్పేది, రంగు వేసే ముందు ఆ చోటికి వెళ్ళి, అక్కడి మనిషిని ‘దీన్ని మీరేమంటారు, అలా ఎందుకంటారు’ అని అడగమని. మ్యాపులో తప్పుంటే దిద్దుకోవచ్చు. కానీ మన మ్యాపు చూసి, తనకు తెలిసిన సంగతిని ఒక మనిషి నోట్లోనే మింగేసుకుందంటే, ఆ తప్పు మన తెర మీద ఎక్కడా కనిపించదు. ఆ రోజు నుంచి నాకు నీళ్ళ కంటే దానికే ఎక్కువ భయం.

ఆ భయం ఇంకా పోలేదు. పైడమ్మ ఇప్పుడు ఊళ్ళో ఒక పెంకుటింటి వసారాలో అద్దెకుంటోంది. కొండల వైపు మబ్బు పడితే నాకు ఫోన్ చేస్తుంది.

"ఏటమ్మా, ఉండమంటావా, ఎల్లిపోమంటావా? నువ్వెలాగంటే అలాగే" అంటుంది.

ఆ నమ్మకమే నాకు భయం. తెర మీద ఏమున్నా ముందు చెప్పను.

"నువ్వు బయటికెళ్ళి చూడు పైడమ్మా. నీకేటనిపిస్తోందో ముందు నువ్వు చెప్పు" అంటాను. ఫోను చెవికి పెట్టుకుని, ఆమె వాకిట్లోకి నడిచే అడుగుల చప్పుడు వింటూ కూర్చుంటాను.