కాలెట్ చీలికల్లో పసుపు

నా తప్పొకటి ఇప్పటికీ మరొకరి పేరు మీద చెలామణి అవుతున్నది. దానిని సరిచేయడానికే ఇది రాస్తున్నాను. గత వారం మహబూబాబాద్‌లో ఒక తలుపుల దుకాణం ముందు నుండి వెళుతుండగా టేకు మాడిన వాసన వచ్చింది. కొయ్య చెక్కే సీఎన్‌సీ రౌటర్‌లో కోసే ములుకు, అంటే బిట్టు, జారి, కోయవలసిన చోట రాపిడి పెడితే వచ్చే వాసన అది. అక్కడే ఆగాను. లోపల ఒకతను తన తోటివాడితో, "జర మంచిగ బిగియ్యరా. ఘన్‌పూర్‌ల ఒకామె గిట్లనే లూజు పెట్టి ఓనర్ కన్ను తీసేదే" అంటున్నాడు. రెండేళ్లు దాటినా మాట అలాగే తిరుగుతున్నదని తెలిసి నిర్ఘాంతపోయాను.

ఆ ఓనరు యాకూబ్ భాయ్. స్టేషన్ ఘన్‌పూర్‌లో దర్వాజలు చెక్కే పని చేస్తూ, యాభై దాటాక రౌటర్ కొన్నారు. ఈ ఏడాది ఎండాకాలంలో కాలం చేశారు. నేను ఐటీఐలో ముప్పై ఏళ్లు ఫిట్టర్ పని బోధించి, పదవీ విరమణ తరువాత జనగామ నుండి రోజూ బస్సులో వెళ్లి ఆయన దుకాణంలో పర్యవేక్షణ చేసేవాడిని. అక్కడి పనివారికి క్రమపద్ధతి నేర్పడానికే వెళుతున్నానని నా నమ్మకం.

మొదటి రోజే ఆ నమ్మకానికి దెబ్బ తగిలింది. కాలెట్ అంటే నిలువు చీలికలున్న చిన్న ఉక్కు గొట్టం. నట్టు బిగిస్తే చీలికలు దగ్గరై బిట్టును పట్టుకుంటాయి. నేను కాలెట్‌ను యంత్రంలో తిరిగే ఇరుసైన స్పిండిల్‌లో దించి, పైన నట్టు తిప్పబోయాను. యాకూబ్ భాయ్ నా చేయి పట్టుకున్నారు.

"ఆగుండ్రి సార్. మొదలు కాలెట్‌ను నట్టుల వెయ్యాలె. జర వంచి నొక్కుండ్రి. టిక్కుమనాలె. అటెనుక బిట్టు, అటెనుక స్పిండిల్. మీరు పెట్టినట్టు పెడితె వంకర తిర్గుతది."

"ముప్పై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నవాడిని" అన్నాను.

"మీరు చెప్పింది లేతు మిషన్ ముచ్చట. గిది నిమిషానికి పద్దెనిమిది వేల చుట్లు తిర్గుతది. దీనికి మీ సర్వీసు తెల్వదు సార్."

వెనుక ఎవరో నవ్వు ఆపుకున్నారు. ఆమె జమున, యంత్రం నడిపే మనిషి. గూడూరు దగ్గరి తండా నుండి భర్తతో వచ్చి ఘన్‌పూర్‌లో ఉండేది. మరోసారి ఆరు మిల్లీమీటర్ల బిట్టుకు పావు అంగుళం కాలెట్ తీశాను. మిల్లీమీటరులో మూడోవంతు తేడాయే కదా అన్నాను. "పట్టినట్టే ఉంటది సార్, పట్టుకోదు" అని యాకూబ్ భాయ్ దాన్ని నా చేతిలో నుండి తీసుకున్నారు. ఆ మాటలో నా గురించి కూడా ఏదో ఉన్నదని నాకప్పుడు తోచలేదు.

దసరా వచ్చింది. ఆయుధపూజ చేద్దామా అని జమున అడిగితే, "మిషన్ నాదైతేంది, బువ్వ అందరికి పెడుతది. చేసుకోండ్రి" అన్నారాయన. ఏర్పాట్లు నేను చేశాను. తెల్లగుడ్డ పరచి కాలెట్లను కొలతల వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కదానికీ తడి పసుపు రాసి బొట్టు పెట్టాను. పండుగ మర్నాడు నేనే పైపైన తుడిచి, పెట్టెలో సర్ది, జమునతో, "అన్నీ శుభ్రం చేశాను. నువ్వు మళ్లీ ముట్టుకోనక్కరలేదు" అన్నాను.

ఆ రోజే కొడకండ్ల నుండి వచ్చిన ఆసామి తలుపు రెక్క యంత్రం మీద ఉన్నది. పువ్వు సగం చెక్కాక బిట్టు కిందికి జారింది. కీచుమని శబ్దం, పొగ. మరుక్షణం టప్పున విరిగి ముక్క ఎగిరింది. యాకూబ్ భాయ్ చెంప పట్టుకుని కూర్చుండిపోయారు. వేళ్ల మధ్య నుండి నెత్తురు కారుతున్నది. గాయం కంటికి వేలెడు దూరంలో ఉన్నది.

"రెండు పానాలతో బిగించలేదా?" అని జమున మీద అరిచాను.

"బిగించిన సార్. రెండు పెట్టే బిగించిన."

"మరి ఎలా జారింది?"

ఆమె నట్టు వైపు చూసింది. "ఆడోళ్లకు మిషన్ ఇస్తె గిట్లనే ఉంటది. ముందుగాల ఆమెను తీసెయ్యుండ్రి" అన్నాడు ఆసామి. జమున తన టిఫిన్ డబ్బా తీసుకుని బయటికి నడిచింది.

యాకూబ్ భాయ్ ఒక చేత్తో తువ్వాల అదుముకుని, రెండో చేత్తో నట్టు విప్పించుకుని, కాలెట్‌ను నా అరచేతిలో పెట్టారు. "చూడుండ్రి సార్. మీకు కండ్లద్దాలున్నయి గదా."

చూశాను. చీలికల నిండా ఎండి గట్టిపడిన పసుపు. చీలికలు దగ్గరకు రాలేకపోయాయి. దానికంటే నన్ను దిగ్భ్రాంతికి గురిచేసింది, ఆ తరువాత నేను చేసిన పని. పిడికిలి మూశాను. ఆసామి ఎదుట ఒక్క మాటా మాట్లాడలేదు.

సాయంత్రం ఆయన కుట్లు వేయించుకుని వచ్చారు. "దవాఖానల ఎట్లయిందని అడిగిండ్రు. తెల్వదన్న. మీరింక చెప్పలే గదా" అన్నారు. గొంతులో కోపం లేదు.

జమున పుట్టింటికి వెళ్లిపోయిందని తెలిసి, మర్నాడు గూడూరు బస్సెక్కి తండాకు వెళ్లాను. జమున పుట్టింటి వాకిట్లో, ఆమె తల్లిదండ్రులు వింటుండగా, తప్పు నాదని చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాకెరుకే సార్. బిగించేటప్పుడు పసుపు కనవడ్డది."

"మరి తుడవలేదేం?"

"మీరు తుడిచిన అన్నరు. మళ్ల తుడిస్తె మీ మాట నమ్మనట్టయితదని ఊకున్న."

నా ముప్పై ఏళ్ల సర్వీసులో ఎంతమంది అలా ఊరుకుని ఉంటారో అనుకున్నాను. తిరిగి పనికి రమ్మని బతిమాలాను. "వస్త. గని ఇగ మీరు తుడిచినా మళ్ల తుడుస్త" అన్నది. కొడకండ్ల ఆసామికి కూడా నిజం చెప్పాను. కానీ అతని నోట బయలుదేరిన మాట వెనుక నేను పరుగెత్తలేకపోయాను. అది మహబూబాబాద్ దాకా వచ్చింది. గత వారం ఆ తలుపుల దుకాణంలోకి వెళ్లి, "ఆమె కాదు, నేను" అన్నాను. వాళ్లు నమ్మారో లేదో తెలియదు.

యాకూబ్ భాయ్ నన్ను ఒక్కసారీ నలుగురిలో తప్పుపట్టలేదు. చెప్పవలసినది నా అరచేతిలో పెట్టి ఊరుకున్నారు. ఆ బరువు ఇంకా మోస్తున్నాను. ఈ రాతలో కొలత గానీ, పద్ధతి గానీ, జరిగిన వరుస గానీ తప్పని తోస్తే, పనివారైన పాఠకులు తెలియజేయాలి. పెద్దవాడినని, చదువుకున్నవాడినని మాత్రం దయచేసి ఊరుకోకండి.