ఇంజనుకు వీపు పెట్టి కూర్చున్న సారు

మా సారు పోయారన్న మాట నాకు తాండూరు స్టేషన్ బయట, నా చాయ్ హోటల్లో తెలిసింది. వికారాబాదు నుంచి మధ్యాహ్నం ప్యాసింజర్‌లో దిగిన పాలాయన ఖాళీ క్యాను బల్ల కింద పెట్టి, "మీ లెక్కల సారు పోయిండంట కదనే" అన్నాడు.

"పోతే మళ్ళ వస్తడు తియ్యి. బండ్లు లేవా?" అన్నాను.

ఈ ఊళ్ళో నాతో ఎవరూ ఉన్నమాట ఉన్నట్టు చెప్పరు. నేను వాళ్ళతో చెప్పను కనుక. అందుకే ఇది కూడా నా మీద ఎవరో తీర్చుకుంటున్న బాకీ అనుకున్నాను. కానీ పాలాయన నవ్వలేదు. తలకు చుట్టిన తువ్వాల విప్పి చేతిలో పట్టుకున్నాడు. అప్పుడు చాయ్ వడకట్టే గుడ్డ నా చేతిలోంచి జారి పొయ్యిలో పడింది.

"ఎట్లనే?" అన్నాను.

"ఏం తిప్పల పడలేదంట. పొద్దుగాల చాయ్ తాగిండు, గ్లాసు కడిగి బోర్లించిండు, అరుగు మీద కుర్చీల కూసున్నడు. కోడలు పిలిస్తే పలకలే. గంతే."

మీరు తప్పుగా అనుకోకపోతే ఒక మాట చెప్తాను. వినగానే నాకు వచ్చింది ఏడుపు కాదు. హమ్మయ్య అనిపించింది. ఎంగిలి గ్లాసు ఇంకొకరు కడిగితే ఓర్చుకోలేని మనిషి ఆయన. మంచాన పడి, ఒకరి చేత తినిపించుకునే రోజు రాకుండా వెళ్ళిపోయారు. హమ్మయ్య అనుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది దాని కోసమే.

బడిలో పెట్టిన సంతాప సభలో ఒకాయన మా సారును మహర్షి అన్నాడు. ఇంకొకాయన జ్ఞానజ్యోతి అన్నాడు. వెనక బెంచీలో కూర్చుని నేను పక్కాయన్ని గిల్లాను. అంత లేదు. ఆయన లెక్కల సారు. ముక్కు మీద కోపం, జేబులో సోంపు, చంకలో నల్ల గొడుగు. అంతే ఆయన. మాకు అది చాలింది.

నిజాం రాజ్యంలో వికారాబాదు బడిలో నేను ఆయన దగ్గర చదివాను. చదివాను అనడం కన్నా ఎనిమిదో తరగతి దాకా ఆయన నన్ను మోసి, అక్కడ దించారు అనడం నిజం. అప్పుడు చదువంతా ఉర్దూలోనే. సారు ఇంట్లో తెలుగు, నోట్లో తెలుగు, చాక్‌పీసులో ఉర్దూ. జమాఖర్చు లెక్కలు చెప్పడంలో ఆయనకు పేరుండేది. తప్పు రాస్తే రబ్బరుతో రుద్దనిచ్చేవారు కాదు. "కొట్టేయ్, రుద్దకు. తప్పు యాడ జరిగిందో రేపు నీకు ఎరుక గావాలె" అనేవారు. నా పుస్తకంలో కొట్టివేతలు తప్ప ఇంకేం కనిపించేది కాదు.

ఒకసారి ఆయన మడిచి పెట్టిన గొడుగులో దోసెడు సీమచింత గింజలు పోశాను. సాయంత్రం వాన మొదలైంది. సారు బడి గుమ్మంలో గొడుగు తెరిచారు. నెత్తి మీద, భుజాల మీద, చొక్కా లోపల గింజలే. నేను గోడ చాటున నవ్వు ఆపుకుంటూ చావు దెబ్బలకు సిద్ధంగా ఉన్నాను. ఆయన వంగి గింజలన్నీ ఏరి జేబులో వేసుకున్నారు.

"సైతాన్‌గా, బయటికి రా. గింజలు మంచిగున్నయ్. ఇంటి సుట్టూ నాటుత, కంచె లేక మేకలు దూరుతున్నయ్" అన్నారు.

నాటారు కూడా. ఆ కంచె ఇప్పుడు నాకన్నా ఎత్తుంది. మొన్న ఆయన పాడెను మోస్తూ గేటు దాటుతుంటే ముల్లు నా చొక్కా పట్టుకుంది.

నిజాం రాజ్యం పోయాక బడి తెలుగులోకి మారింది. సారుకు అప్పటికే జుట్టు నెరుస్తోంది. మాట్లాడటం వచ్చు గానీ తెలుగు రాయడం అంతంత మాత్రం. కొడుకు రెండో తరగతి వాచకం ముందేసుకుని అరుగు మీద పెదవులు కదుపుతూ కూర్చునేవారు. వికారాబాదు పోయినప్పుడల్లా ఆ దారిన పోతూ నేను ఊరుకుంటానా!

"సార్, అక్షరాలు వచ్చినయా?"

"వస్తున్నయ్‌రా. ఎడమ దిక్కు నుంచి రమ్మంటే జర నఖరాలు జేస్తున్నయ్."

నిజంగానే, తెల్ల కాగితం ఇస్తే ఆయన కలం ముందు కుడి అంచుకు పోయేది. అక్కడ ఒక్క క్షణం ఆగి, గుర్తొచ్చి, ఎడమకు వచ్చేది. ఎన్నేళ్ళైనా ఆ ఆగడం పోలేదు. దాన్ని చూసి నేను నవ్వేవాణ్ణి. ఆ ఆగడమే ఒకనాడు నా బిడ్డ మెడకు చుట్టుకుంటుందని నాకేం తెలుసు!

నా పెద్ద బిడ్డ హైదరాబాదులో మా చెల్లెలి ఇంట్లో ఉండి పి.యు.సి. చదివింది. ఆడపిల్లల కాలేజీలో ఉన్నదేదో అదే చదివింది, అంటే ఆర్ట్సు. పాసై వచ్చి, "నాయినా, నేను బి.కాం. చదువుత" అంది. తాండూరులో కొత్తగా బ్యాంకు పెట్టారు. అందులో కుర్చీలో కూర్చోవాలని దాని ఆశ. హైదరాబాదులో బి.కాం. ఉన్న కాలేజీలో అడిగి రమ్మని నన్ను పంపింది. కిటికీ వెనక గుమాస్తా ముక్కుపొడి పీలుస్తూ చెప్పాడు.

"పి.యు.సి.ల కామర్సు చదవనోళ్ళకు సీదా సీటు ఇయ్యరు. జమాఖర్చుల పరీక్ష పెడ్తరు. పాసైతే బి.కాం., లేకుంటే బి.ఎ.ల చేరాలె. అయినా ఆడపిల్లకు కామర్సు ఎందుకయ్యా?"

"మొగపోరలకు ఎందుకో గందుకే" అన్నాను. ఆయన ముక్కుపొడి డబ్బా మూత పెట్టి నా అర్జీ తీసుకున్నాడు.

జమాఖర్చులు అంటే నాకు తెలిసిన మనిషి ఒక్కరే. సారు అప్పటికి రిటైరై అరుగు మీదే ఉంటున్నారు. బిడ్డను తీసుకుపోతే, "నీ బిడ్డనా? మొకం సూస్తే తెలివి తల్లిదే" అన్నారు. ఆ రోజు నుంచి అది పొద్దున బండికి వికారాబాదు పోవడం, సారు దగ్గర లెక్కలు నేర్చుకుని మధ్యాహ్నం బండికి రావడం. వచ్చిన సొమ్ము ఒక పక్క రాయాలి, పోయిన సొమ్ము ఒక పక్క రాయాలి, అడుగున రెండూ కలవాలి. అది కలిసినప్పుడల్లా నా బిడ్డ ఇంటికొచ్చి పండగలా చెప్పేది. సారు దగ్గర పుస్తకం లేదు. అంతా నోటి నుంచే.

పరీక్ష దగ్గర పడ్డాక, దానికి మేలు చేద్దామని హైదరాబాదు ఫుట్‌పాత్ మీద ఒక పాత ఇంగ్లీషు జమాఖర్చుల పుస్తకం కొని తెచ్చాను. నా బిడ్డ దాన్ని తెరిచి రెండు పేజీలు తిప్పి, "నాయినా, గిదేంది, గిందుల అంతా ఉల్టా ఉన్నది" అంది. సారు చెప్పిన ప్రకారం వచ్చిన సొమ్ము కుడి పక్కన రాయాలి, పుస్తకంలో ఎడమ పక్కన ఉంది. పోయింది కుడి పక్కన ఉంది. ప్రతి పేజీలో అంతే.

నాకు ఒళ్ళు మండింది. ఆ ఫుట్‌పాత్ వాడు అచ్చు చెడిన పుస్తకం అంటగట్టాడని, వాడి గల్లా పట్టుకుందామని, ముందు సారు నోట మాట తీసుకోవడానికి బిడ్డను వెంటబెట్టుకుని వికారాబాదు పోయాను. సారు కళ్ళద్దాలు ధోవతి అంచుతో తుడుచుకుని పేజీ చూశారు. కలం తీసి, పక్కనున్న తెల్ల కాగితం మీద పెట్టారు. కలం కుడి అంచుకు పోయి ఆగింది. ఈసారి అక్కడే ఉండిపోయింది.

"పుస్తకం కరెక్టే ఉన్నదిరా" అన్నారు. "ఉల్టా నేనే."

ఉర్దూలో రాత కుడి నుంచి మొదలవుతుంది. ఉర్దూ జమాఖర్చులో వచ్చిన సొమ్ము ముందు రాస్తారు, అంటే కుడి పక్కన. సారు మాటలన్నీ తెలుగులోకి, ఇంగ్లీషులోకి మార్చుకున్నారు. పక్కలు మార్చుకోవడం మరిచిపోయారు. నా బిడ్డ నేర్చుకున్నదంతా తప్పు లేకుండా తిరగబడి ఉంది.

అంతకు ముందైతే నేను ఒక నెల నవ్వుకునేవాణ్ణి. ఆ రోజు నవ్వు రాలేదు. సారు సోంపు జేబులో వేళ్ళు పెట్టి, ఏమీ తీయకుండా, ఊరికే పెట్టుకుని కూర్చున్నారు.

మర్నాడు ఇంట్లో ఇంకా కష్టమైంది. తెలియనివాళ్ళకు నేర్పొచ్చు గానీ, తిరగేసి తెలిసినదాన్ని తిప్పడం కష్టం. నా బిడ్డ సగం అటు, సగం ఇటు రాసింది. అడుగున ఏదీ కలవలేదు. కాగితాలు గుంజి అవతల పారేసి, "నాకు బి.కాం. వద్దు, ఏం వద్దు. బి.ఎ.ల చేరుత" అని మొహం కడుక్కోవడానికి పోయింది. ఎంతసేపటికీ రాలేదు.

ఆ తరువాత రోజు పొద్దున్నే సారు గొడుగుతో నా హోటల్ ముందు నిలబడ్డారు. పాఠం చెప్పడానికి ఆయన ఎవరింటికీ పోయిన మనిషి కాదు.

"బిడ్డను పిలువు. వికారాబాదుకు మూడు టికెట్లు తీస్కో" అన్నారు.

"ఏం పనుందని సార్?"

"కొట్టేసి మళ్ళ రాసే పనుంది. నడువు."

బండిలో నా బిడ్డను ఇంజను వైపు మొహం పెట్టి కిటికీ పక్కన కూర్చోబెట్టారు. ఆయన ఎదురుగా, ఇంజనుకు వీపు పెట్టి కూర్చున్నారు. తాండూరు దాటగానే నాపరాళ్ళ గుట్టలు వచ్చాయి.

"బేటీ, గా గుట్టలు నీకు ఏ చేతికున్నయ్?"

"ఎడమ చేతికి సార్."

"నాకు కుడి చేతికున్నయ్. మరి గుట్టలు రెండు దిక్కుల ఉన్నయా?"

"లేవు సార్. ఒక్క దిక్కే."

"వచ్చిన సొమ్ము గా గుట్టలనుకో. మేమందరం గా దినాలల్ల ఇంజనుకు వీపు పెట్టి కూసొని చదివినం. నాకు కుడికి కనపడ్డది నీకు గూడ కుడికే ఉంటదని చెప్పిన. లెక్క తప్పు గాదు బేటీ. నేను కూసున్న దిక్కు ఏరే. నీ మొకం ఇంజను దిక్కున్నది. నీకు ఎడమకే."

నా బిడ్డ కిటికీలోంచి గుట్టలను చూసింది, సారును చూసింది. లేచి ఆయన పక్కన కూర్చుంది, మళ్ళీ తన చోటికి వచ్చింది. ఇంకోసారి పోయి వచ్చింది. టికెట్ కలెక్టర్ చూసి, "ఏందమ్మా, గిదేమన్న ఉయ్యాలనా?" అన్నాడు. "బి.కాం. చదువుతున్నది, జర పక్కకు జరుగు" అన్నాను నేను.

తరువాత సారు అడగడం, అది చేయి చాపడం. "రాళ్ళు అమ్మినం." ఎడమ చేయి. "కూలి ఇచ్చినం." కుడి చేయి, అది నేరుగా పోయి నా ముక్కుకు తగిలింది. "చాయ్ అమ్మినం." ఎడమ. పక్క బల్ల మీద తమలపాకుల బుట్టతో ఒక కన్నడపు అవ్వ కూర్చుంది. కాసేపు చూసి ఆమెకు ఆట అర్థమైంది. నా బిడ్డ కన్నా ముందే "ఎడ! ఎడ!" అని తన భాషలో అరవడం మొదలుపెట్టింది. వికారాబాదు వచ్చేసరికి పెట్టెలో సగం మంది చేతులు చాపుతున్నారు. ఒకాయన మాత్రం ప్రతిసారీ తప్పు చేయి చాపాడు. ఆయన తాలూకాఫీసులో హెడ్ గుమాస్తా అట.

పరీక్ష నాడు హైదరాబాదుకు నేనే తోలుకుపోయాను. రాసేవాళ్ళు కొద్దిమందే కాబట్టి పేపర్లు అక్కడే దిద్ది, సాయంత్రానికి చెప్పారు. తిరుగు బండి వికారాబాదులో ఆగుతుందని, సారు స్టేషన్‌కు వస్తారని నాకు తెలుసు. మొహం వేలాడేసుకుని దిగి, ఆయన్ని రెండు నిమిషాలు ఏడిపించి, అప్పుడు చెప్పాలని దారి పొడవునా అనుకుంటూ వచ్చాను.

బండి ఆగింది. ప్లాట్‌ఫారం మీది నీళ్ళ నల్లా పక్కన సారు నిలబడి ఉన్నారు. గడ్డం గీసుకోలేదు. గొడుగును తలకిందులుగా పట్టుకున్నారు, అది ఆయనకు తెలియదు. నన్ను చూశారు. ఆ మొహం ముందు నా వేషం నిలబడలేదు.

"సీటు వచ్చింది సార్" అన్నాను.

కిటికీలోంచి నా బిడ్డ అరిచింది. "ఒక్కకాడ కుడికి రాసిన సార్! కొట్టేసి ఎడమకు రాసిన. రుద్దలే!"

సారు గొడుగు తిప్పి, టప్పున తెరిచి, తల మీదికి కాదు, మొహానికి అడ్డంగా పట్టుకున్నారు.

"వాన లేదు సార్" అన్నాను.

"ఎరుకే" అన్నారు గొడుగు వెనక నుంచి.

ఆ తరువాత నా బిడ్డ చదివినన్నాళ్ళూ, నేను ఎప్పుడు కనబడ్డా ఆయనది ఒకటే ప్రశ్న. "ఏమ్రా, ఇంకా ఎడమకే రాస్తున్నదా?" నేను నవ్వులాటకు అడుగుతున్నారనుకునేవాణ్ణి. ఈ ఎండాకాలం అది బి.కాం. పాసైన కబురు చెప్పడానికి పోయినప్పుడు తెలిసింది, అది నవ్వులాట కాదని. సారు దాని తల మీద చేయి పెట్టి చాలాసేపు తీయలేదు. "ఇగ నాకు ఫికర్ లేదు బేటీ. గా పక్కలు నా నిద్రల గూడ మారుతుండె" అన్నారు. ఆ కబురు చెవిన పడ్డాకే ఆయన పోయారు. నా హమ్మయ్యకు రెండో కారణం అదే.

అంత్యక్రియలైన సాయంత్రం నేనూ నా బిడ్డా తాండూరు బండి ఎక్కాం. అది ఎప్పటిలాగే ఇంజను వైపు మొహం పెట్టి కిటికీ పక్కన కూర్చుంది. నేను ఎదుటి బల్ల మీద కూర్చున్నాను.

"నాయినా, గిటు రా. గాలొస్తది" అంది.

"వద్దు బిడ్డా. గిటే ఉంట."

బండి కదిలింది. రాబోయేవన్నీ దానికి ముందు కనబడుతున్నాయి. నాకు మాత్రం ప్లాట్‌ఫారం, నల్లా, నల్లా పక్కన ఎవరూ లేని చోటు, మెల్లగా చిన్నవవుతూ, చాలాసేపు కనబడుతూనే ఉన్నాయి.