ఎల్లమ్మ ముందు పొట్టేలు

కథల్లో విధి ఒక్క దెబ్బతో మనిషిని మార్చేస్తే నవ్వుకునేవాణ్ణి. మొన్నటి చలికాలం మర్రిగూడలో నా వంతు వచ్చింది.

మోకాళ్ల నొప్పి తగ్గితే నేను పెంచిన పొట్టేలును ఎల్లమ్మకు బలిస్తానని మొక్కాను. తగ్గింది. నీళ్లు పోసినప్పుడు పొట్టేలు ఒళ్లు దులుపుకుంటేనే అమ్మ ఒప్పుకున్నట్టు. బిందెల కొద్దీ పోసినా అది దులుపుకోలేదు, నన్నే చూస్తూ నిలబడింది. అంతలో అమ్మ నన్ను పూనింది! నిలువెల్లా ఊగిపోతూ “కొబ్బరికాయ చాలురా!” అని గర్జించాను.

ఊళ్లో ఇలాగే చెప్తాను. నిజానికి సగం నీళ్లు నా మీదే పడి, చలికి వణికాను.

“ఒళ్లు దులుపుకున్నది నువ్వే, అమ్మ నిన్నే అడుగుతాంది. ఇగ వంచు మెడ!” అంది మా ఆవిడ. అందరూ నవ్వారు. నాకు మాత్రం కత్తి నా వైపు తిరిగినట్టయింది. కొబ్బరికాయ అడిగింది నా భయమే.

ఇప్పుడు మళ్లీ మోకాళ్లు నొప్పే. ఇంకొకరి మెడ ఇస్తానని మాత్రం మొక్కుకోను.